చంక దిగని పిల్ల

2024 సెప్టెంబర్ 3

పెళ్లయిన కూతురు పోతే కన్నతల్లికి మైల మూడు రోజులేనట. నాలుగో రోజున తలకు పోసుకోవచ్చు, ఇల్లు కడుక్కోవచ్చు, దీపం పెట్టుకోవచ్చు. పంతులు చెప్పాడు, అందరూ తలలూపారు. అత్తవారికి మాత్రం పదకొండు రోజులు. ఆపైన ఏడాది తిరిగేవరకు పండగ లేదు, పిండివంట లేదు, పొయ్యి మీద నూనె మూకుడు పెట్టకూడదు. నవ్య అక్కడ కాపురం చేసింది మూడేళ్లు. ఆ ఇల్లు ఏడాది ఏడవాలి. కని పెంచిన ఇల్లు మూడు రోజుల్లో శుభ్రమైపోవాలి.

ఈ శుభ్రం చూస్తే నాకు రోత. జూలైలో కడిగిన గచ్చు ఇప్పటికీ ఫినాయిలు కంపు కొడుతున్నట్టే ఉంది.

ఈ మాట ఎవరితో అన్నా "తప్పు, శాస్త్రం" అంటారు. అందుకని రాసుకుంటున్నాను. అయిదు వరకే చదివాను. తప్పులుంటే ఉంటాయి, చూసేవాళ్లు లేరు.

నవ్య కన్న పిల్ల లోపల ఏడుస్తోంది. ఆయన ఉన్నాడు, చూసుకుంటాడు.

సెప్టెంబర్ 5

దాన్ని నేను ముట్టుకోవడం లేదని కాదు. నీళ్లు పోస్తున్నాను, పాలు కలిపి పడుతున్నాను, గుడ్డలు ఉతుకుతున్నాను. అన్నీ చేస్తున్నాను. మొహం మాత్రం చూడను. చూస్తే ఆసుపత్రి కనిపిస్తుంది. నా కూతురు పురిటికి తన కాళ్లతో నడిచి వెళ్లింది. మర్నాడు దీన్ని నా చేతిలో పెట్టి, నవ్యను బండి మీద గుడ్డ కప్పి తెచ్చారు. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకున్నట్టు. సంతలో మార్పిడి లాగా.

పాల వాసన, కక్కిన వాసన, ఒంటి నూనె వాసన. నా చీరలన్నీ అదే కంపు.

సెప్టెంబర్ 14

పొద్దున ఆయన కేక వేశాడు. రైల్వే యార్డులో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, గొంతు ఇంకా ఇంజను చప్పుడు దాటి వినబడేలాగే ఉంటుంది.

"పద్మా! బేగి రాయే! గుంట నవ్వీసినాది!"

నేను గిన్నెలు తోముతున్నాను. లేవలేదు. ఆయన సైకిలు తీసి టాటానగర్ స్టేషన్ వైపు వెళ్లి, నువ్వుండలు పొట్లం కట్టించుకుని వచ్చాడు. సందులో ఇంటింటికీ పంచాడు.

"ఏటయ్యా ఇది?"

"నవ్వితే నువ్వుండలు పంచాల కదే. మన నవ్యకి మీయమ్మ ఊర్నుంచి సేసి పంపింది, గేపకం నేదా?"

"నవ్యని దోముహానీ ఏటి కాడ నీల్లలో కలిపి ఎన్నాల్లైనాదని? ఈ ఇంట్లో మిటాయిలేటి నీకు?"

"మన ఇంటికి మైల నేదు కదే. పంతులే సెప్పినాడు."

"సిగ్గు నేదు నీకు."

"నేదు," అన్నాడు. "సిగ్గుపడతా కూకుంటే ఇది మల్లీ మొదటిసారి నవ్వుతాదేటి?"

పక్కింటి ఉమామహేశ్వరి నువ్వుండ నములుతూ వచ్చింది. పళ్ల సందుల్లో నువ్వులు. "మీ నవ్యే మల్లీ పుట్టినాది వదినా. ఉన్నన్నాల్లూ సంతోసంగా ఉండాల. పోయిన రోజులు మల్లీ రావు," అంది. రోజూ ఫోన్లో ఎవరో ఇలాంటివి చెబుతారట. అక్కడ విని, తెచ్చి, నా గుమ్మంలో ఉమ్ముతుంది.

నవ్య ఒక్కసారే పుట్టింది. ఆ రోజు నాకు తెలుసు. ఇది నవ్య కాదు.

సెప్టెంబర్ 15

నాకని ఒక నువ్వుండ డబ్బాలో దాచాడు. చీమలకు వేశాను.

అక్టోబర్ 12

దుర్గాపూజ ఆఖరి రోజు. పండాల్లో మైకు పొద్దున్నుంచి అరుస్తోంది. డప్పులు కడుపులో కొడుతున్నట్టు ఉంది.

అల్లుడు జయప్రకాష్ వచ్చాడు, వాళ్లమ్మ కస్తూరమ్మ వచ్చింది. సీతారాండేరా నుంచి ఆటోలో. అల్లుడు గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా. పెళ్లాం పోయిన మనిషి, ఆ ఇస్త్రీపెట్టె వేడెక్కేవరకు పక్కన నిలబడి ఏం ఆలోచించి ఉంటాడు?

"అన్నం తింతావా బాబూ?" అన్నాను. అడగాలి కాబట్టి.

"నహీ అత్తా, ఖా కే ఆయా హూఁ."

తినే వచ్చాడట. నేను తెలుగులో అడుగుతాను, వాడు హిందీలో చెబుతాడు. మొదటి నుంచీ అంతే. పిల్లను గాజు సామాను పట్టుకున్నట్టు పట్టుకుని, ఒక ఫోటో తీసుకుని, వెంటనే ఆయన చేతికి ఇచ్చేశాడు. వాడి కాంట్రాక్టు పని కళింగనగర్‌కు మారుతోందట. అక్కడ ఇల్లు చూసుకుని తల్లిని, పిల్లను తీసుకుపోతాడట.

"ఈ రోజే తీసుకెల్లిపోండి వదినా," అన్నాను. "గుడ్డలు మూట కట్టీమంటే కట్టీత్తాను."

ఆయన నా వైపు చూశాడు. చూడనీ.

కస్తూరమ్మ చీర పైకెత్తి మోకాళ్లు చూపించింది. కుండల్లా వాచి ఉన్నాయి. "ఈ కాల్లతో దీన్ని ఎత్తుకుని నానెలగ తిరగను? అడుగులెయ్యనీ. దాని కాల్ల మీద అది నడిసినాదంటే ఆ వారమే వొచ్చి తీసుకెల్తాం. అందాకా నువ్వే సూడాల. ఇంకోటి వదినా, మా ఇంట్లో ఏడాది దాకా మూకుడు పెట్టకూడదు. మీకా, మైల నేదు. దాని ముచ్చట్లన్నీ మీ ఇంట్లో అయితేనే మంచిది."

మీకా, మైల నేదు. ఎంత తేలిగ్గా అంది.

వాళ్లు వెళ్లాక ఆయనతో అన్నాను, "ఎయ్యనీ అడుగులు. ఎంత బేగి ఏత్తే అంత మంచిది. పీడ ఇరగడైపోతాది."

నవంబర్ 20

అది బోర్లా పడింది. బోర్లా పడితే బొబ్బట్లు. నేను చేయనన్నాను. ఆయనే మొదలుపెట్టాడు. లుంగీ ఎగ్గట్టి, ముక్కు మీద మైదా పిండి పెట్టుకుని, నా వంటింట్లో తిరుగుతుంటే చూడడానికే అసహ్యం వేసింది.

ఉమామహేశ్వరి కిటికీలోంచి తొంగి చూసి, "ఆదిబాబన్నయ్యా, ఇది పూర్నమా పప్పుసారా? గళాసులో పోసియ్యి, తాగీసి పోతాను," అంది.

"నువ్వు మాటాడకు. మొన్న నువ్విచ్చిన పకోడీకి నా పన్ను కదిలిపోనాది."

పెనం మీద మొదటిది అంటుకుంది, రెండోది చిరిగింది, మూడోది బొగ్గయింది. ఇల్లంతా పొగ. అది ఆ పొగలో పక్క మీద బోర్లా పడి తల ఎత్తి చూస్తోంది, తనకేదో తమాషా కట్టినట్టు.

"పప్పు పలుకుగా ఉన్నప్పుడే దించాల," అన్నాను గుమ్మంలోంచి. "నీల్లు వంచీయాల. ఆ మాత్రం తెల్దేటి?"

"తెల్దు. తెలిసిందానివి నువ్వు రావు. మరెలగ?"

"పక్కకి జరుగు."

చేశాను. ఆ మాడు కంపు భరించలేక చేశాను, అంతే. ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు. ఆయన తింటుంటే నెయ్యి గడ్డం మీద కారింది. మనిషి కడుపు ఎంత సిగ్గులేనిది.

డిసెంబర్ 30

చలి. అది నా పక్కలో పడుకుంటోంది. ఆయనకు దగ్గు, అందుకని.

2025 జనవరి 19

ఆయనకు నడుం పట్టేసింది. దాన్ని నేనే ఎత్తుకు తిప్పాల్సి వస్తోంది. ఎడమ చంకలో అది, కుడి చేత్తో పని. నా పుస్తెలతాడు నోట్లో పెట్టుకుని నములుతుంది. మెడంతా చొంగ. తుడుచుకోవడం మానేశాను. తుడిచిన నిమిషానికి మళ్లీ.

ఫిబ్రవరి 6

ఆయన నడుం తగ్గిపోయిందట. "ఇలగియ్యే, నాను ఎత్తుకుంతాను," అన్నాడు.

మళ్లీ పట్టేస్తుంది, వద్దన్నాను.

మార్చి 4

నిన్న మూడో తారీకు, టాటా కంపెనీ పెట్టినాయన పుట్టినరోజు. పార్కులో లైట్లు చూడడానికి వెళ్లాం. ఆయన వదలలేదు. ఊరంతా అక్కడే. దుమ్ము, చెమట, చాట్ మసాలా ఘాటు, ఎవడో నా కాలు తొక్కాడు, ఎవరి పిల్లో నా పక్కనే కక్కింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడిచాను.

నవ్య చిన్నప్పుడు ఏటా వెళ్లేవాళ్లం. ఏం చూశానా అని ఆలోచిస్తే ఒక్క లైటు గుర్తు రాలేదు. నవ్య చెప్పు తెగడం గుర్తుంది. గౌను మీద ఐస్‌క్రీం కార్చుకుంటే వీపు మీద ఒక్కటేయడం గుర్తుంది. ఆటోవాడితో పేచీ గుర్తుంది. నవ్య మాత్రం తల పైకెత్తుకునే నడిచేది. "అమ్మా, ఊపర్ దేఖో నా," అనేది. జనం తొక్కేస్తారని నేను కిందే చూసుకుంటూ దాన్ని లాక్కుపోయేదాన్ని.

నిన్న ఇది నా చంకలో నోరు తెరుచుకుని పైకి చూస్తూ ఉండిపోయింది. చొంగ కారి నా జాకెట్టు తడిసింది. ఏం చూస్తోందా అని నేనూ తలెత్తాను. చెట్లన్నీ వెలిగిపోతున్నాయి. నీళ్లు వెలుగుతున్నాయి. బాగుంది. ఇంత బాగుంటుందని నాకు తెలియదు. చెప్పినప్పుడు చూడకుండా, చెప్పిన మనిషి పోయాక చూస్తున్నాను.

ఇంటికి వచ్చి తలకు పోసుకున్నాను. దుమ్ముకి.

ఏప్రిల్ 18

కస్తూరమ్మ ఫోన్ చేసింది. కళింగనగర్‌లో జయప్రకాష్‌కు ఇల్లు దొరికిందట.

"గుంట నిలబడతందా వదినా?"

"ఇంకా నేదు వదినా. పాకడవే."

"నా కొడుకు ఈ వయిసుకి పరిగెట్టీసీవోడు."

"మా పిల్ల నిమ్మలంగా నేర్సుకుంతాది. తొందరేటి?"

మా పిల్ల అన్నానట. ఫోన్ పెట్టాక ఆయన చెప్పాడు. నేను అలా అనలేదు.

అబద్ధం కూడా చెప్పలేదు. అది గోడ పట్టుకుని నిలబడుతోంది. పట్టుకుని నిలబడితే దాన్ని నిలబడడం అంటారా?

మే 9

ఎండ. రేకుల కింద ఇల్లు పెనంలా ఉంది. అది చంకలో, నేను చెమటలో. ఇద్దరం అంటుకుపోతున్నాం.

"పిల్లని కింద దించవేటే?" అన్నాడు ఆయన. "కాల్లకి బలం ఎలగొత్తాది?"

"గచ్చు కాల్తంది."

"లోపల గచ్చు సల్లగానే ఉన్నాది."

"సీమలు."

"నిన్ననే మందేసినాను."

"మందు మరీ పెమాదం."

ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

ఉమామహేశ్వరి ఊరుకోదుగా. "పెల్లిపీటల మీదకి కూడా దీన్ని సంకనేసుకునే తీసుకెల్తావేటి వదినా?" అంది.

"నువ్వు మోత్తన్నావేటి? నీకేటి నొప్పి?"

దీని కాళ్లకు బలం లేదని ఎవరన్నారు? చంకలో ఉండి తంతుంటే నా డొక్క ఎగిరిపోతోంది.

మే 22

ఈ రోజు ఏమీ జరగలేదు.

మే 23

జరిగింది. నాకు నేనే అబద్ధం రాసుకుంటే ఎవరికి లాభం.

నిన్న పనసకాయ కోస్తున్నాను. చేతులకు నూనె, ఆపైన పనస జిగురు. దాన్ని దించక తప్పలేదు. నీళ్ల డ్రమ్ము పట్టుకుని నిలబడింది. నేను కత్తిపీట మీద ఉన్నాను. తలెత్తి చూసేసరికి డ్రమ్ము వదిలేసి ఉంది. చేతులు రెండూ పైకెత్తుకుని, పోలీసులు పట్టుకున్న దొంగలా. ఒక అడుగు వేసింది. ఊగింది. పడుతుందనుకున్నాను. పడలేదు. ఇంకొకటి, ఇంకొకటి. కత్తిపీట కాలితో తన్నేసి చేతులు చాపాను. వచ్చి నా మీద పడింది.

జిగురు చేతులతోనే పట్టుకున్నాను. దాని జుట్టుకు జిగురు, నా మొహానికి జిగురు, ఇద్దరికీ పనస తొనల కంపు. ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. ఉమామహేశ్వరేమో అనుకున్నాను. నేనే. ఆ గొంతు విని నాకే అసహ్యం వేసింది. కూతురు పోయి ఏడాది కాలేదు, ఆ నవ్వేమిటి, ఆ పళ్లేమిటి.

ఆయనకు చెప్పలేదు. జుట్టుకేమిటంటే పనస జిగురన్నాను. అది నిజమే. చెబితే ఆయన ఆగడు. అడుగులేసింది, అరిసెలంటాడు. సందంతా పంచుతాడు. కస్తూరమ్మకు తెలుస్తుంది. ఆ వారమే వస్తారు.

పడితే దెబ్బ తగులుతుందని చంకనే వేసుకుంటున్నాను. అంతే.

మే 27

మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళకు వంటింటి తలుపు వేసుకుంటాం. డ్రమ్ము నుంచి నా దగ్గరకు, నా దగ్గర నుంచి డ్రమ్ముకు. ఈ రోజు మధ్యలో ఆగి, ఒంగుని, ఉల్లిపాయ పొట్టు ఏరుకుని, నోట్లో పెట్టుకోబోయి, నా వైపు చూసి, నాకు ఇచ్చింది.

నవ్య ఎప్పుడు నడిచిందో నాకు గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా రాదు. పొయ్యి దగ్గర ఉన్నానో, కుళాయి దగ్గర ఉన్నానో. తిరిగి చూసేసరికి నడుస్తోంది, అంతే. నాకు తెలియకుండానే అయిపోయింది. ఇప్పుడు ఇది తెలిసి అవుతోంది. తెలిసి అవడం ఇంకా రోత. అది ఒక్కో అడుగు నా వైపు వేస్తుంటే ఈ ఇంట్లోంచి ఒక్కో అడుగు బయటకు పోతున్నట్టు ఉంది. అయినా చేతులు చాపి పిలుస్తాను. సిగ్గులేదు నాకు.

ఇప్పుడు బాగుంది. రాశాను. కొట్టేయను.

మే 30

కూరగాయలకని వెళ్లి, సంచి మర్చిపోయి వెనక్కి వచ్చాను. పెరటి తలుపు ఓరగా ఉంది. ఆయన గొంతు. చిన్నగా, గుసగుసగా. ఆ మనిషికి గుసగుస వచ్చని నాకు ఇన్నేళ్లలో తెలియదు.

"ఆవో... ఆవో... ధీరే... ధీరే... బస్!"

ఆరేసిన దుప్పట్ల మధ్య గొంతుక్కూర్చుని, యార్డులో పెట్టెలు తగిలించడానికి ఇంజనుకు చూపించినట్టు చెయ్యి ఊపుతున్నాడు. అది చేతులెత్తుకుని ఆయన దగ్గరకు నడిచి వెళ్తోంది. "బస్" అనగానే ఆగింది. ఆగి, తనే చప్పట్లు కొట్టుకుంది.

"దొంగ ముసిలోడా! ఎప్పట్నుంచి?"

ఉలిక్కిపడి కింద కూలబడ్డాడు. "నీకన్నా ముందే," అన్నాడు. "నువ్వు కులాయికెల్లినప్పుడు."

"మరి నాకు సెప్పనేదేటి?"

"నువ్వు సెప్పినావేటి? పనస జిగురంట, పనస జిగురు. తలుపేసుకుని కిలకిలమంటే నాకు ఇనబడదనుకున్నావా?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఊరంతా మిటాయిలు పంచీవోడివి, ఇదెలగ దాసినావు?"

ఆయన లుంగీకి అంటిన మట్టి దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు.

"సెప్తే నువ్వు పంపీమంతావని బయపడ్డాను," అన్నాడు. "పీడ ఇరగడైపోతాది అన్నావు కదే."

అన్నాను. అవును, అన్నాను. ఆయన పక్కన మట్టిలోనే కూర్చున్నాను. అది ఆయన దగ్గర నుంచి నా దగ్గరకు వచ్చింది. నా దగ్గర నుంచి ఆయన దగ్గరకు వెళ్లింది. రైలు పెట్టెలు వెళ్తున్న చప్పుడు. కూరగాయలు తేలేదు, రాత్రికి చారే.

జూన్ 3

ఉమామహేశ్వరి చెప్పకుండా లోపలికి వచ్చింది. ఇద్దరం ఒకేసారి దాని మీదకు ఎగబడ్డాం, ఎత్తుకోవడానికి. నుదుళ్లు గుద్దుకున్నాయి. "ముసిలోల్లకి పిచ్చెక్కినాది," అనుకుంటూ వెళ్లిపోయింది. ఆయన బొప్పికి పసుపు పెట్టాను.

ఎన్నాళ్లు దాస్తాం? ఆయన అడగలేదు. నేనూ అడగలేదు.

జూన్ 8

ఆదివారం. జయప్రకాష్ ఒక్కడే వచ్చాడు, కళింగనగర్ నుంచి. రాత్రంతా నిలబడి ప్రయాణం చేశాడట. అది నా చంకలోనే ఉంది. వాడిని చూసి మొహం తిప్పేసుకుంది. కొత్త మనిషి కదా.

"చలీ క్యా, అత్తా?" నడిచిందా అని.

"నేదు బాబూ."

వాడు అరుగు మీద కూర్చున్నాడు. ఫోన్ తీసి, అందులో దాని ఫోటోలు ఒక్కొక్కటీ జరుపుతూ పోయాడు. మా ఆయన పంపినవే. మంచినీళ్లిచ్చాను. గ్లాసు పట్టుకునే ఉన్నాడు, తాగలేదు.

"నాను ఒక్కటీ సూడలేదత్తా," అన్నాడు. తెలుగులో. వాడి తెలుగు చిన్నపిల్లల తెలుగులా ఉంది. "నవ్వింది ఫోన్లో సూసినాను. పాకింది ఫోన్లో సూసినాను. నవ్య కడుపులో ఇది కదిలినప్పుడు, అప్పుడు కూడా నైట్ డ్యూటీ. ఫోన్ చేసి చెప్పింది, 'కదిలింది, సెయ్యి పెట్టు' అని. ఫోన్లో సెయ్యెలగ పెడతాను అన్నాను. నవ్వింది. ఇంటికొచ్చేసరికి కదలడం మానేసింది, పడుకుంది. రేపు సూద్దాం అనుకున్నాం. రేపు కూడా డ్యూటీయే." గ్లాసు కింద పెట్టాడు. "ఇదొక్కటైనా... ఇది నడిచింది నాకు కనబడాల అత్తా. ఎప్పుడు నడుస్తాదో, కౌన్ జానే. అప్పుడు నాకు సెలవుంటాదో లేదో."

వాడి మీద ఇన్నాళ్లూ ఉన్న ఏవగింపు ఎక్కడుందా అని వెతుక్కున్నాను. ఇస్త్రీ చొక్కా, గీసిన గడ్డం, ఆ హిందీ. ఏదీ పనికి రాలేదు. రోత ఎక్కడికీ పోలేదు, తిరిగి వచ్చి నా మీద కూర్చుంది. చంకలో పిల్ల బరువు, రాయిలా.

ఆయన గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు.

"లోపలికి రా బాబూ," అన్నాను. "ఆ గోడ కాడ కూకో. ఫోను పక్కన పెట్టు."

దాన్ని దించి డ్రమ్ముకు ఆనించి నిలబెట్టాను. అది నా కొంగు వదల్లేదు. వేలు వేలు విడదీశాను. దాని వేళ్లు ఎంత గట్టివో.

"పిలు," అన్నాను.

"క్యా బోలూఁ?"

వాడికి పిలవడం రాదు. ఉత్తినే చేతులు చాపి కూర్చున్నాడు. అది కదల్లేదు. వాడిని చూస్తోంది, నన్ను చూస్తోంది. అప్పుడు ఆయన గుమ్మంలోంచి అన్నాడు, "సెయ్యి ఇలగూపు బాబూ. ఆవో, ఆవో అను. నిమ్మలంగా."

వాడు చెయ్యి ఊపాడు. "ఆవో," అన్నాడు. మళ్లీ అన్నాడు.

అది చేతులెత్తింది. నడిచింది. మధ్యలో ఆగి నా వైపు తిరిగి చూసింది. నేను గోడ వైపు చూశాను. నా దగ్గరకు రాకూడదని. కళ్లు మూసుకున్నాను. మళ్లీ తెరిచేసరికి అది వాడి చొక్కా పట్టుకుని ఉంది.

"చల్ గయీ! అత్తా, చల్ గయీ! పహలీ బార్! మీరు సూసినారా, మామయ్యా?"

"సూసినాం బాబూ," అన్నాను. "ఇదే మొదలు."

ఆయన దగ్గుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయాడు.

వాడు దాన్ని ఎత్తుకుని ఏడ్చాడు. ముక్కు, కన్ను, అన్నీ కారుతున్నాయి. అది వాడి ముక్కు పట్టుకుని లాగింది. నవ్య ఇదంతా చూడలేదు. నేను చూశాను. రెండుసార్లు చూశాను.

జూన్ 12

బియ్యం నానబోశాను.

జూన్ 14

అరిసెలు చేశాను. కస్తూరమ్మ ఇంట్లో మూకుడు పెట్టకూడదు కదా. మైల లేని ఇల్లు మాదే. తడిపిండి దంచి, బెల్లం పాకం పట్టి, ఒక్కొక్కటీ నొక్కి. నూనె పొగ కళ్లలోకి వచ్చింది. ఆ పొగకు కళ్లు మండి నీళ్లు కారితే ఆయన, "నాను తిప్పనా?" అన్నాడు. నువ్వు తిప్పితే బొగ్గులు పంచాలి, పో అన్నాను.

చాప మీద తెల్లగుడ్డ పరిచి, అరిసెలు వరసగా పెట్టి, దాన్ని వాటి మీద నడిపించాం. ఒక పక్క వాళ్ల నాన్న, ఒక పక్క ఆయన. కాళ్లకు నెయ్యి అంటుకుని జారుతోంది. మూడో అరిసె మీద ఆగి, దాన్ని తొక్కి తొక్కి పిండి చేసి, అప్పుడు కదిలింది.

కస్తూరమ్మ కుర్చీలో కూర్చుని చూసి, "ఓలమ్మో! మొన్న ఆదివారమే కదా నడిసినాది? పాతకాపులా నడిసేత్తందేటి వదినా?" అంది.

"అమ్మమ్మ పెంపకం," అన్నాడు ఆయన. నేను ఆయన కాలు తొక్కాను.

అందరికీ పంచాను. ఉమామహేశ్వరికి రెండిచ్చాను. అది తొక్కి నలిపిన అరిసె ఎవరికీ ఇవ్వలేదు. వంటింట్లోకి తీసుకెళ్లి నిలబడి తిన్నాను. నవ్య పోయాక నోట్లో పెట్టుకున్న మొదటి తీపి. కాలి మట్టి, నెయ్యి, బెల్లం. ఛీ, ఎంత తీపి. గొంతు దిగడానికి నీళ్లు తాగాల్సి వచ్చింది. ముక్క కూడా వదల్లేదు.

సాయంత్రం బండికి వెళ్లిపోయారు. స్టేషన్‌లో దాన్ని ఎత్తుకోబోతే తన్నింది. దిగుతానంది. ప్లాట్‌ఫారం మీద నడవాలట. అంత మురికి, ఉమ్ములు, అరటి తొక్కలు. నడవనిచ్చాను. వేలు పట్టుకోమంటే పట్టుకోలేదు.

జూన్ 19

వానలు మొదలయ్యాయి.

ఎడమ వైపు, నడుం మీద, అది కూర్చునే చోట చెమటకాయలు. అరచేయంత మేర. ఎర్రగా, చిమచిమలాడుతూ, గోకితే నీరు కారుతోంది. చూసుకుంటే వెలపరం. ఆయన పౌడరు డబ్బా తెచ్చాడు.

"రాసుకోయే. రెండ్రోజుల్లో పోతాయి."

వద్దన్నాను. చల్లబడింది కదా, వాటంతట అవే పోతాయి. పోయేవరకు ఉండనీ.